కరెంటు జంకదు

నాచారం,
12 ఏప్రిల్ 2025

మామా,

ఉత్తరం చూసి అత్త గాబరా పడితే, ఎవరికీ ఏమీ కాలేదని ముందు ఆమెకు చెప్పు. కావాలనే కాగితం మీద రాస్తున్నాను. ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ బిడ్డా, తిన్నవా, అమ్మకియ్యి" అంటావు. అమ్మ ఫోన్ తీసుకుంటుంది. అక్కాతమ్ముళ్ళు వానల దగ్గర మొదలుపెట్టి చుట్టాల పెళ్ళిళ్ళ దాకా పోతారు. నేను అడగాలనుకున్నది అడగకుండానే మిగిలిపోతుంది.

మీ కరెంటు సంఘం చైర్మన్ గారు నాకు ఫోన్ చేశారు. "మా లైన్‌మన్ హన్మయ్య మేనకోడలు తెలుగుల డిగ్రీ సదువుతున్నదంట గదా. ఈసారి మా వార్షిక నివేదిక నువ్వే రాయాలె బిడ్డా. మేనేజరు రాసింది సదువుతుంటే సభ్యులు కుర్చీలల్లనే గుర్రు పెడుతున్రు" అన్నారు. ఇది నీ పనే అని నాకు తెలుసు. ఊళ్ళో అందరికీ నా గురించి గొప్పలు చెబుతున్నావని అత్త ఎప్పుడో చెప్పింది. నాన్న ఫ్యాక్టరీ నుంచి వచ్చి విని, "కరెంటు బిల్లు మీద కవిత్వం రాస్తవా?" అని ఒకటే నవ్వు.

పాత నివేదికలు తెప్పించుకుని చదివాను. నిజంగా నిద్రే వచ్చింది. కానీ మామా, రైతులే వాటాలు వేసుకుని, రైతులే యజమానులై, తమ ఊళ్ళకు తామే కరెంటు పంచుకునే సంఘం ఒకటి ఉందంటే మా క్లాసులో ఎవరూ నమ్మలేదు. అంత మంచి సంగతిని "పై విషయము సభ్యుల దృష్టికి తీసుకురావడమైనది" అని చెబితే ఎలా? లెక్కలు మేనేజరు గారు ఇస్తారు. నాకు మనుషులు కావాలి. పోయిన వేసవి గాలివాన ముచ్చట అమ్మకు చెప్పావు కదా, అది మొత్తం రాయి. చిన్న సంగతి కూడా వదలకు.

లాలాపేట్ ఫ్లైఓవర్ కింద పాత పుస్తకాల బండి మీద ఒక నిఘంటువు దొరికింది. అట్ట లేదు, "అ" కొంత లేదు. మిగతా అక్షరాలన్నీ నావే.

నీ మాటలకు కాచుకుని ఉన్న
భవాని


గుండ్లవాగు,
21 ఏప్రిల్ 2025

భవానీ బిడ్డకు మామ దీవెనలు.

పదో తరగతి పరీక్ష రాసినంక గింత పొడుగు రాసుడు ఇదే. అక్షరాలు వంకర పోతే నవ్వకు. మీ అత్త శారద పక్కన కూసోని "గది రాయి, గిది ఇడిసిపెట్టకు" అని సతాయిస్తున్నది.

ఈ ఏడు కొత్త మోటార్లు మస్తు పడ్డయి. చెరువు కిందికి కొత్త లైను గుంజినం. ఎండలకు ట్రాన్స్‌ఫార్మర్లు కాలినయి, మళ్ళ పెట్టినం. గియ్యన్ని మేనేజరు దగ్గర ఉంటయి.

ఇగ గాలివాన సంగతి. పొద్దుగూకే యాళ్ళకు లేచింది గాలి. తాటిచెట్టు మట్టలు వచ్చి లైన్ల మీద పడ్డయి. ఊరంత చీకటి. పాల కేంద్రంల అందరి పాలు సల్లటి మిషిన్ల ఉన్నయి. కరెంటు రాకుంటే తెల్లారేసరికి ఇరిగిపోతయి. ఆడోళ్ళంత క్యాన్లు పట్టుకోని ఆడనే నిలవడ్డరు. దామోదర్ నీకు ఎరుకే, వెంకటనర్సమ్మ కొడుకు, మన పొలం పక్క పొలం వాళ్ళది. వాడు ఎక్కిండు. నేను కింద నిలవడి సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఎల్సీ తీసుకున్న. ఎల్సీ అంటే, లైను బంద్ చేసినమని వాళ్ళు మనకు మాట ఇచ్చుడు. గా మాట లేంది ఎవ్వరు స్తంభం ముట్టొద్దు. వాడు తడుసుకుంట మట్టలు తీసిండు, కొత్త ఫ్యూజు తీగ కట్టిండు, పాట పాడుకుంట దిగిండు. పాలు ఇరగలే. పొద్దున ఎవరింటికి పోయినా చాయే.

దామోదర్‌ది మన సంఘంల నౌకరి గాదు. రైతు. గిది నీకు ముచ్చటకు చెప్పిన.

అమ్మకు మోకాళ్ళ నొప్పులు ఎట్లున్నయి?

మీ మామ
హన్మయ్య


నాచారం,
4 మే 2025

మామా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి ఒకసారి అమ్మకు చదివి వినిపించాను. "పొద్దున ఎవరింటికి పోయినా చాయే" దగ్గర అమ్మ కొంగు కళ్ళకు అద్దుకుంది. ఇంత బాగా రాసేవాడివి ఇన్నాళ్ళూ స్తంభాలు ఎందుకు పట్టుకుని వేళ్ళాడావు?

నివేదిక పూర్తయింది. దానికి ప్రాణం గాలివాన భాగమే. కొంచెం ఇక్కడ రాస్తున్నాను:

"గాలి ఊరి కళ్ళు మూసిన ఆ సాయంత్రం, జీతం లేని ఒక రైతు నిచ్చెన అందుకున్నాడు. ఉరుము అతణ్ణి బెదిరించింది. అతడు ఉరుముకు పాట వినిపించాడు. దామోదర్ చెయ్యి చూస్తే కరెంటే జంకుతుంది! కింద సేనానిలా నిలబడి నడిపించినవాడు మన లైన్‌మన్ హన్మయ్య."

జంకడం! ఎంత చక్కని మాట మామా. భయపడటం కాదు, వెనకాడటం కాదు, ఆ రెంటికీ మధ్య ఒక అడుగు ఆగిపోవడం. నిఘంటువులో దొరికిన దగ్గర్నుంచి దాన్ని ఎక్కడ పెడదామా అని తిరుగుతున్నాను. బస్సులో హబ్సిగూడ సిగ్నల్ దగ్గర తట్టింది. తార్నాకలో దిగాల్సింది మరిచిపోయాను.

ఒక్క సందేహం. నువ్వుండగా దామోదర్ ఎందుకు ఎక్కాడు? నువ్వు కూడా ఎక్కే ఉంటావు. నీ గురించి నువ్వు చెప్పుకోవు, అంతే కదా?

నీ సేనలోని చిన్న సిపాయి
భవాని


గుండ్లవాగు,
11 మే 2025

బిడ్డా,

నా గురించి రాసింది తీసెయ్. దామోదర్ గురించి రాసింది గూడ తీసెయ్.

వాడు బయటి మనిషి. బయటి మనిషి స్తంభం ఎక్కుడు రూలు గాదు. ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ కింద అసొంటోడు ఒకడు ఉంటడు. లైన్‌మన్ వచ్చేదాక నారుమడి ఆగదు గదా. అందరికి ఎరుకే, ఎవ్వరు కాగితం మీద పెట్టరు. పాల కేంద్రం గురించి రాయి, మంచిగుంటది.

కరెంటు ఎవ్వనికి జంకదు బిడ్డా.

మామిడికాయ తొక్కు పంపుతున్న. ఉప్పల్ రింగ్ రోడ్డు కాడ బస్సుల కండక్టర్ దగ్గర తీసుకోమని నాయినకు చెప్పు. పోయినసారి లెక్క మూత ఊడిపోకుండ అత్త బట్ట కట్టింది.

హన్మయ్య


నాచారం,
18 మే 2025

మామా,

తొక్కు చేరింది. మూత బాగానే ఉంది. నా మనసే బాగా లేదు.

"కరెంటే జంకుతుంది" అన్నది అలంకారం మామా. అతిశయోక్తి అంటారు. చదివినవాళ్ళు దాన్ని నిజమనుకోరు, మురిసిపోతారు, అంతే. పాల కేంద్రం మిషన్ గురించి ఏం రాయను? అయినా చైర్మన్ గారు వాట్సాప్‌లో పంపమంటే నీ ఉత్తరం రాకముందే పంపేశాను. "మస్తుంది బిడ్డా, ఒక్క అక్షరం గూడ ముట్టను" అన్నారు. నీ మాట తీసెయ్యలేక ఆయనకు మళ్ళీ ఫోన్ చేసి, నీ గురించి రాసిన వాక్యం మాత్రం తీయించాను. దామోదర్‌ది ఉంటుంది.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఇన్నేళ్ళు నౌకరీ చేసిన నీ పేరు ఎన్నడూ పుస్తకంలో పడలేదు, దామోదర్ పేరు పడుతుందని నీకు కష్టంగా ఉందా? అమ్మ అలాగే అంటోంది. అలాగైతే వచ్చే ఏడాది నీ మీదే ఒక పేజీ రాస్తాను.

భవాని


గుండ్లవాగు,
24 జూన్ 2025

భవానీకి,

నాకు కష్టం లేదని మీ అమ్మకు చెప్పు.

నిన్న సర్వసభ్య సమావేశం అయింది. మార్కెట్ యార్డుల షామియానా ఏసిన్రు. వచ్చినోళ్ళందరికి చాయ్, మిర్చి, సంఘం పేరు కొట్టిచ్చిన స్టీలు టిఫిన్ డబ్బా. నీ నివేదిక చైర్మనే సదివిండు. ఈసారి ఎవ్వరు నిద్రపోలే. దామోదర్ చెయ్యి కాడికి వచ్చేసరికి సప్పట్లు ఆగలే. ఎన్కనుంచి ఎవడో "ఒరేయ్ దామోదరూ, గా చెయ్యి జర మా మోటార్ మీద గూడ పెట్టురా, రోజు కాలుతున్నది!" అని అరిసిండు. అందరు నవ్వుడే. వెంకటనర్సమ్మ నవ్వలే, కొడుకు ముఖం దిక్కు సూసుకుంట కూసున్నది. మీ అత్త ఊరంత చెప్పుకుంట తిరిగింది, మా భవాని రాసిందని.

పక్క ఊరి పోరగాళ్ళు నీ మాట రాసి దామోదర్ ఫోటోతోని ఫ్లెక్సీ కట్టిన్రు. ఇప్పుడు ఫ్యూజు పోతే నన్ను పిలుస్తలేరు, వాన్నే పిలుస్తున్రు. మొన్న ఎల్సీ లేకుండనే ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కిండంట. పట్టుకోని తిట్టిన. "మామా, బుక్కుల పేరు పడ్డంక పిలిస్తే పోకుంటే ఇజ్జత్ ఏముంటది" అన్నడు.

నువ్వొకసారి ఫోన్ చేసి చెప్పు బిడ్డా. నా మాట ఇంటలేడు. రాసిన పిల్ల చెప్తే ఇంటడు.

హన్మయ్య


నాచారం,
5 జూలై 2025

మామా,

మా తెలుగు మేడమ్ క్లాసులో గాలివాన భాగం పైకి చదివి వినిపించారు! గోడపత్రికలో పెట్టారు. మౌలాలి నుంచి వచ్చే నా స్నేహితురాలు ఉమ వాళ్ళ నాన్న రైల్వేలో కరెంటు పని చేస్తారు. ఆయన చదివి, "ఎవరమ్మా ఈ దామోదర్, మా డిపార్ట్‌మెంట్‌కు ఇచ్చెయ్యండి" అన్నారట. నేను ఆ రోజు నేల మీద నడవలేదు.

నువ్వు చెప్పినట్టే దామోదర్ అన్నకు ఫోన్ చేశాను. "రాసినామెనా? నువ్వేనా చెల్లె?" అని, నన్ను స్పీకర్‌లో పెట్టి, పక్కనున్నవాళ్ళందరినీ పిలిచాడు. "ఇగో, పట్నం నుంచి ఫోన్ చేసింది, ఇనుండ్రి!" అని వాళ్ళకు చెబుతున్నాడు. జాగ్రత్త అని చెప్పబోయాను. అంత సంతోషం మీద ఆ మాట వెయ్యలేకపోయాను. మళ్ళీ చేసినప్పుడు తప్పకుండా చెబుతాను.

అత్తకు చెప్పు, టిఫిన్ డబ్బా ఒకటి నా కోసం దాచమని.

గాలిలో తేలుతున్న
భవాని


గుండ్లవాగు,
17 ఆగస్టు 2025

భవానీ,

దామోదర్‌కు షాక్ కొట్టింది.

నాట్లు నడుస్తున్నయి. పక్క ఊర్ల ఫ్యూజు పోతే వాన్ని తోలుకపోయిన్రు. ఎల్సీ లేదు. ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉండే స్విచ్ గుంజిండు, ఎక్కిండు. గా స్విచ్‌కు పైన మూడు కత్తులుంటయి, గుంజితే మూడు ఇడిపోవాలె. ఒకటి తుప్పు పట్టి అతుకుకోని ఇడిపోలే, ఒక తీగల కరెంటు అట్లనే ఉన్నది. కిందికెళ్ళి పోరగాళ్ళు "కరెంటే జంకుతుంది" అని అరుస్తున్రంట. పైకి సూడకుండ చెయ్యి పెట్టిండు.

నేను ఆ యాళ్ళకు సబ్‌స్టేషన్‌ల మీటింగుల ఉన్న.

పానం దక్కింది. కుడిచెయ్యి మోచెయ్యి కాడికి తీసేసిన్రు. మీ పట్నంల పెద్ద దవాఖానాల ఉన్నడు. వాని భార్య ఊర్ల నాట్లు సూసుకుంటున్నది. వెంకటనర్సమ్మ ఒక్కతే ఉన్నది, ఆమెకు ఆడ ఏ దిక్కు పోవాల్నో తెల్వదు. నువ్వు దగ్గర్ల ఉన్నవు. పోయి సూసి రా బిడ్డా.

హన్మయ్య


నాచారం,
26 ఆగస్టు 2025

మామా,

వెళ్ళి వచ్చాను. ఆదివారం వెళ్ళాను. ఉప్పల్ దాకా ఆటో, అక్కడి నుంచి మెట్రో. రింగ్ రోడ్డు దగ్గర పనుల వల్ల బాగా ఆలస్యమయింది. నేను పోయేసరికి దామోదర్ అన్న నిద్రపోతున్నాడు. వెంకటనర్సమ్మ గారు మందుల కోసం కిందికి పోయినట్టున్నారు. లేపడం ఇష్టం లేక బత్తాయి పండ్లు మంచం పక్కన పెట్టి వచ్చేశాను. ముఖం తేటగానే ఉంది. తొందరలోనే కోలుకుంటాడు.

సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడ్డాయి. అమ్మ కులాసా.

భవాని


గుండ్లవాగు,
7 సెప్టెంబర్ 2025

భవానీ,

వెంకటనర్సమ్మ ఫోన్ చేసింది. "తమ్మీ, మీ కోడలు ఒక్కనాడు గూడ రాలే, పెద్ద పరీక్షలున్నయేమో పాపం" అన్నది. నువ్వు పెట్టిన బత్తాయిలు ఏమైనయని నేను ఆమెను అడగలే.

ఇక్కడ ఎంక్వయిరీ నడుస్తున్నది. వచ్చిన ఆఫీసర్ చేతుల నీ నివేదికనే ఉన్నది. నీ మాట పైకి సదివి, "ఇతనికి ఎక్కడం అలవాటని మీరే అచ్చు వేయించారు కదా" అన్నడు. సొంతంగ ఎక్కిండని తేలితే దవాఖానా ఖర్చు దామోదరోళ్ళ మీదనే. సంఘం సామాను ముట్టినందుకు మళ్ళ కేసు గూడ. సంఘం పని మీద ఎక్కిండని తేలితే సంఘమే సూసుకోవాలె, ఇంట్ల ఒకరికి హెల్పర్ నౌకరి ఇయ్యాలె. నివేదిక సదివేటప్పుడు గట్టిగ సప్పట్లు కొట్టినోళ్ళు ఇప్పుడు "మాకేం ఎరుక" అంటున్రు.

నీకు కోపం చేద్దామని కూసున్న. కాగితం ముందల పెట్టుకుంటే నీ మీద కోపం రాలే. ఎందుకంటే నేను నీకు ఏం రాసిన్నో యాదికొచ్చింది.

వానికి షాక్ కొట్టిన నాడు మీటింగు లేదు. నేను ఇంట్లనే ఉన్న. ముందు నాకే ఫోన్ చేసిన్రు. "దామోదర్‌ను తోలుకపోండ్రి, నేను ఎన్కనే వచ్చి ఎల్సీ తీసుకుంట" అని నేనే చెప్పిన. బండి తీసిన. వాన పడుతుంటే మెల్లగ పోయిన. నేను పోయేసరికి వాన్ని తడిసిన గోనెసంచి లెక్క మోసుకొస్తున్రు.

గాలివాన నాడు ఎందుకు ఎక్కలేవని నన్ను అడిగినవు గదా. రెండేండ్ల కింద ఒక స్తంభం మీద నాకు చిన్న షాక్ కొట్టింది. బెల్టుకు ఏలాడుకుంట ఉన్న, కింద ఎవ్వరు లేరు. అప్పటిసంది రెండో మెట్టు మీద కాలు పెడితే చేతులు వణుకుతయి. ఎవ్వరికి చెప్పలే. చెప్తే నౌకరి పోతది. దామోదర్ ఒక్కడే కనిపెట్టిండు. "నువ్వు కింద నిలవడు మామా, నేను ఎక్కుత" అన్నడు. రెండేండ్లు వాడు ఎక్కిండు, నేను జీతం తిన్న. నా పేరు తీసెయ్యమన్నది అందుకు. నువ్వు అనుకున్నది గాదు.

నువ్వు బత్తాయిలని రాసినవు, నేను మీటింగని రాసిన.

అక్టోబర్‌ల ప్రత్యేక సమావేశం పెట్టిస్తున్న. నేను నోటితోని చెప్తే మళ్ళ ఏదన్న దాస్త, కాగితం సూసి సదువుత. ఉన్నది ఉన్నట్టు రాసి పంపు. అందుల ఉరుములు, సేనానులు వద్దు. నన్ను కాపాడాలని సూడకు.

హన్మయ్య


నాచారం,
15 సెప్టెంబర్ 2025

మామా,

ఆ ఆదివారం నేను దవాఖానా గేటు దాకా వెళ్ళాను. బత్తాయిలు నిజంగానే కొన్నాను. గేటు దగ్గర ఒకామె చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా చూశాను, మూత మీద మీ సంఘం పేరు. ఆమె వెంకటనర్సమ్మ గారే. సెక్యూరిటీ అతన్ని ఏదో దారి అడుగుతోంది. అతను విసుక్కుంటున్నాడు. నేను స్తంభం చాటుకు తప్పుకుని, ఆమె లోపలికి పోయేదాకా ఆగి, తిరుగు మెట్రో ఎక్కాను. బత్తాయిలు ఇంటికి తెచ్చాను. అమ్మ రసం తీసింది. నేనూ తాగాను.

నిన్న వెళ్ళాను. ఇది నిజం.

దామోదర్ అన్న నన్ను వెంటనే గుర్తుపట్టాడు. నా గొంతు విని. లేచి కూర్చోబోతుంటే కుడివైపు దుప్పటి జారింది. నేను చూశానని చూసి, ఎడమచేత్తో కప్పుకున్నాడు. తిడతాడని, ఏడుస్తాడని అనుకుని పోయాను. ఆయన తలగడ కింద నుంచి నివేదిక తీశాడు. మడతలు పడి అంచులు చిరిగి ఉంది.

"చెల్లె, మంచిగ వచ్చినవు. ఈళ్ళు నమ్ముతలేరు" అన్నాడు. పక్క మంచం పెద్దాయనను, ఎదురు మంచం అబ్బాయిని పిలిచాడు. "ఇగో, గిది రాసింది గీమెనే. సదువు చెల్లె. గాలివాన కాడికెళ్ళి సదువు."

వద్దన్నాను. "జర సదువు. నేను మంచిగున్నప్పటిది గదా" అన్నాడు.

చదివాను మామా. వార్డులో నిలబడి, పైకి, మొత్తం చదివాను. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆపాను. ఆయన దాన్ని నోటికి చెప్పాడు. పెద్దాయన ఆయన చెయ్యి వైపు చూసి, తల తిప్పుకుని, "మంచిగ రాసింది" అన్నాడు. వెంకటనర్సమ్మ గారు వాష్‌బేసిన్ దగ్గర టిఫిన్ డబ్బా కడుగుతున్నారు. కడిగిందే మళ్ళీ కడుగుతున్నారు.

లిఫ్ట్ దాకా నా వెంట వచ్చారు. లిఫ్ట్ రాలేదు. అప్పుడు అడిగారు.

"బిడ్డా, నువ్వు సదువుకున్నదానివి. కరెంటు జంకుతదా?"

"జంకదమ్మా."

"మరి గట్ల ఎందుకు రాసినవు?"

నా దగ్గర అలంకారం అనే మాట ఉంది, అతిశయోక్తి అనే మాట ఉంది. వాటిని పక్కన పెట్టాను. మాట బాగుందని రాశాను అని చెప్పాను. ఆమె "ఓహో" అంది. కోపంగా కాదు. ఏదో ఊరి పేరు చెబితే విన్నట్టు అంది. లిఫ్ట్ వచ్చింది.

నువ్వడిగింది రెండు సార్లు రాశాను. మొదటిదానిలో నీ వణుకు గురించి ఎంతో చక్కగా రాశాను. చదివి నాకే ఏడుపొచ్చింది. అందుకే చించేశాను. రెండోది ఇది:

"పోయిన నివేదికలో దామోదర్ గురించి రాసింది తప్పు. అతడు సొంతంగా ఎక్కలేదు. సంఘం లైన్‌మన్ హన్మయ్య రెండేళ్ళుగా స్తంభం ఎక్కలేడు. ఆ సంగతి సంఘానికి చెప్పలేదు. తన బదులు దామోదర్‌ను ఎక్కించాడు. గాలివాన రోజు అతడే ఎక్కించాడు. ప్రమాదం జరిగిన రోజు కూడా పిలవమని అతడే చెప్పాడు. అది సంఘం పని. దామోదర్‌ను పొగిడింది నివేదిక రాసిన హన్మయ్య మేనకోడలు దుర్గాభవాని. తీసెయ్యమని హన్మయ్య చెప్పినా తియ్యలేదు. జాగ్రత్త చెప్పమంటే చెప్పలేదు. కరెంటు ఎవరికీ జంకదు."

ఇందులో నా పేరు తీసెయ్యొద్దు.

భవాని


గుండ్లవాగు,
8 అక్టోబర్ 2025

భవానీ బిడ్డకు,

ఫికర్ పడుతుంటవని ముందు అయింది చెప్తున్న. దామోదర్ సంఘం పని మీదనే ఎక్కిండని సభ్యులు చేతులెత్తి ఒప్పుకున్నరు. దవాఖానా ఖర్చు సంఘమే పెట్టుకుంటది. కేసు పెట్టరు. హెల్పర్ నౌకరి దామోదర్ భార్యకు, సబ్‌స్టేషన్‌ల. నన్ను సస్పెండ్ చేసిన్రు. ఇచ్చిన సామాను, బెల్టు, అన్ని అప్పజెప్పి వచ్చిన. మీ అత్త రెండు రోజులు నాతోని మాట్లాడలే. నౌకరి పోయినందుకు గాదట, ఆమెకు గూడ చెప్పనందుకు.

మొన్న మన ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోయింది. ఎవ్వరు ఎక్కలే. పక్క సెక్షన్ లైన్‌మన్ వచ్చేదాక ఊరంత చీకట్లనే కూసున్నది. పాలు ఇరిగినయి. ఆడోళ్ళు క్యాన్లు కడుక్కోని ఇండ్లకు పోయిన్రు.

ఇగ సమావేశం. షామియానా లేదు, మిర్చి లేదు. సంఘం ఆఫీసు ముందల నిలవడ్డం. దామోదర్ దవాఖానా నుంచి వచ్చిండు, శాలువ కప్పుకోని అందరికన్న ఎన్క గోడకు ఆనుకోని నిలవడ్డడు. నేను నీ కాగితం సదివిన. గింతే ఉన్నది గదా, తొందరగ అయిపోయింది. నీ పేరు వచ్చిన కాడ చైర్మన్ నా దిక్కు సూసిండు, గది ఇడిసిపెట్టు అన్నట్టు. నేను ఆగకుండ సదివిన.

కాగితం మడత పెడుతున్న. అప్పుడు వెంకటనర్సమ్మ ముందుకు వచ్చింది.

"ఇంకోసారి సదువు తమ్మీ" అన్నది. "జర గట్టిగ. ఎన్క ఉన్నోనికి ఇనవడలే."

అందరు ఎన్కకు మర్లి సూసిన్రు. దామోదర్ నా దిక్కు సూస్తలేడు, కింద మట్టి దిక్కు సూస్తున్నడు.

మడత ఇప్పి మళ్ళ మొదటికెళ్ళి సదివిన.

హన్మయ్య